యుద్ధాల ఎన్‌గ్రేవింగులు గోడ మీదికి: కర్నూలు పటాల దుకాణంలో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో కొండారెడ్డి బురుజుకు నడిచి వెళ్లేంత దూరంలో మాది పటాలు కట్టే దుకాణం. నాన్న కాలంలో దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, పోయినవారి ఫోటోలు కట్టేవాళ్లం. ఇప్పటికీ ముప్పావు వంతు పని అదే. కొన్నేళ్లుగా మాత్రం కొత్త కోరిక ఒకటి వస్తోంది. పాత యుద్ధాల ఎన్‌గ్రేవింగులను అల్యూమినియం రేకు మీద అచ్చు వేయించి హాల్లో పెట్టుకుంటామని అడుగుతున్నారు. వచ్చే మనుషులు మారుతున్నా ప్రశ్నలు మారడం లేదు. ఫోనులో చెప్పిందే చెప్పి అలసిపోయి, ఒకసారి రాసి పెడితే పోతుందని కూర్చున్నాను.

ఎన్‌గ్రేవింగ్ అంటే ఏమిటి? పెయింటింగుకూ దానికీ తేడా ఎలా తెలుస్తుంది?

రాగిరేకు మీద ఉలి లాంటి సన్నని పనిముట్టుతో గీతలు చెక్కుతారు. ఆ గాడుల్లో సిరా నింపి, పైన అంటినదంతా గుడ్డతో తుడిచేసి, తడిపిన కాగితాన్ని రేకు మీద పరిచి బరువైన రోలర్ల మధ్య నుంచి లాగుతారు. గాడుల్లో మిగిలిన సిరా కాగితానికి ఎక్కుతుంది. అదే ఎన్‌గ్రేవింగ్. చెక్కే బదులు రేకుకు మైనం లాంటి పూత పూసి, దాని మీద గీసి, ఆమ్లంతో తినిపిస్తే ఎచింగ్ అవుతుంది. కెమెరా రాకముందు దూరదేశపు యుద్ధం ఎలా ఉంటుందో జనానికి చూపించినవి ఎక్కువగా ఇలాంటి అచ్చు బొమ్మలే.

తేడా తెలియాలంటే భూతద్దం తీసుకొని ఆకాశం చూడండి. పెయింటింగులో ఆకాశం ఒకే రంగుగా పరచుకొని ఉంటుంది. ఎన్‌గ్రేవింగులో ఆకాశమంతా గీతలే. దిగంతం దగ్గర దూరదూరంగా, పైకి పోయేకొద్దీ దగ్గర దగ్గరగా, దుక్కి దున్నిన చేనులా ఉంటాయి. ఫిరంగి పొగ దగ్గర గీతలు మెలితిరుగుతాయి. గుర్రం తొడ మీద గీతలకు అడ్డగీతలు పడి, వాటి మధ్య గడుల్లో ఒక్కో చుక్క ఉంటుంది. నీడ ముదరాలంటే గీత లావెక్కాలి, లేదా పక్కన ఇంకో గీత రావాలి. మొత్తం బొమ్మలో ఉన్నది నలుపు ఒక్కటే. బూడిదరంగు అనుకున్నది మన కన్ను చేసే మాయ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, లోహం మీద అచ్చు బాగా రావడమూ రాకపోవడమూ ఈ గీతల మీదే ఆధారపడి ఉంటుంది.

మెటల్ ప్రింట్ ఎలా చేస్తారు? రేకు మీద చెక్కుతారా?

చెక్కరు. పాలియెస్టర్ పూత ఉన్న అల్యూమినియం రేకు వస్తుంది. మందం ఒక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ముందు బొమ్మను ప్రత్యేకమైన కాగితం మీద ముద్రిస్తారు. ఆ కాగితాన్ని రేకు మీద బోర్లా పెట్టి, దాదాపు 200 డిగ్రీల వేడిలో ఒకటి నుంచి మూడు నిమిషాలు నొక్కుతారు. రంగు ఆవిరై పూతలోకి దిగి అక్కడే గట్టిపడుతుంది. దీన్ని సబ్లిమేషన్ అంటారు. రంగు పూతలోపల ఉంటుంది కాబట్టి గోరుతో గీకినా రాదు.

కాగితం బోర్లా పడుతుంది కనుక బొమ్మను ముందుగా అద్దంలో చూసినట్టు తిప్పి ముద్రించాలి. మూడొందల ఏళ్ల క్రితం రాగిరేకు చెక్కినవాడికీ ఇదే తలనొప్పి ఉండేది. రేకు మీద కుడి ఉన్నది కాగితం మీద ఎడమ అవుతుంది. కొందరు బద్ధకించి అసలు పెయింటింగును ఉన్నది ఉన్నట్టు చెక్కేయడం వల్ల అచ్చులో సైనికులంతా ఎడమచేత్తో కత్తులు పట్టిన బొమ్మలు కూడా ఉన్నాయి. నేనూ తక్కువవాణ్ని కాదు. పని కొత్తలో ఒక కోట ముట్టడి బొమ్మను తిప్పడం మరిచి ప్రెస్సులో పెట్టేశాను. అడుగున ఉన్న పేరు తలకిందులైన చీమల బారులా వచ్చింది. ఆ రేకు ఇప్పటికీ దుకాణంలోనే ఉంది, గమ్ డబ్బాలు దాని మీదే పెడతాను.

మా దగ్గరి ప్రెస్సు చిన్నది. పెద్ద సైజులు హైదరాబాదులో చేయించి తెప్పిస్తాను.

దుకాణాల బోర్డులకు వాడే ఏసీపీ షీటు మీద చవకగా వేస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు కానీ, అది వేరే సరుకని తెలిసి తీసుకోండి. ఏసీపీలో రెండు పలుచని అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది. దాని మీద యూవీ యంత్రంతో సిరాను నేరుగా పైన చల్లుతారు. సిరా పైనే ఉండిపోతుంది కాబట్టి అంచుల దగ్గర దెబ్బ తగిలితే పెచ్చు ఊడవచ్చు. సన్నగీతలు కూడా సబ్లిమేషనంత పదునుగా రావని నా అనుభవం. ఆరడుగుల పెద్ద బొమ్మను దూరం నుంచి చూసే చోట, హోటల్ హాలులోనో ఫంక్షన్ హాలులోనో అయితే అదే మంచిది. వంగదు.

తెల్ల రేకా, వెండి మెరుపు రేకా?

తెల్ల పూత ఉన్న రేకు మీద బొమ్మ కాగితం మీద ఉన్నట్టే కనిపిస్తుంది. పారదర్శక పూత ఉన్న రేకు మీద, బొమ్మలో తెలుపు ఉన్న చోటల్లా లోహమే కనిపిస్తుంది. ఫోటోలకు ఇది పనికిరాదు, ముఖాలు బూడిద పూసుకున్నట్టు అవుతాయి. ఎన్‌గ్రేవింగుకు మాత్రం దీన్ని మించింది లేదు. రాగిరేకు మీద పుట్టిన గీత కాగితం మీదుగా తిరిగి రేకు మీదికి వచ్చినట్టుంటుంది. సాయంత్రం పక్క నుంచి దీపం పడితే కత్తులు, ఫిరంగి గొట్టాలు మెరుస్తాయి.

చిక్కు ఒకటుంది. మెరుపు రేకు ఎదురుగా ట్యూబులైటు ఉంటే బొమ్మ నడుమ తెల్లని కర్ర తప్ప ఏమీ కనపడదు. అందుకే నిగనిగలాడని మాట్ పూత అడగండి. నిగనిగలాడే గ్లాసీ పూత అడిగినవారికి నేను ముందు దుకాణంలో ఉన్న నమూనాను లైటు కింద పెట్టి చూపిస్తాను. పదిమందిలో ఎనిమిది మంది మనసు మార్చుకుంటారు.

మన రాయలసీమకు సంబంధించిన యుద్ధాల ఎన్‌గ్రేవింగులు ఉన్నాయా?

నేరుగా మన ఊళ్లవి తక్కువ. మన తలరాత మార్చిన యుద్ధాలవి మాత్రం కావలసినన్ని.

ముందు వరసలో మైసూరు యుద్ధాలు వస్తాయి. 1790 నుంచి 1792 దాకా జరిగిన మూడో మైసూరు యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం వెంట రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు తిరిగాడు. అతడు గీసిన కొండకోటలు, బెంగళూరు, శ్రీరంగపట్నం దృశ్యాలను లండన్‌లో చెక్కించి 1794లో ప్రచురించారు. ఆ బండరాళ్లు, ఆ గుండ్ల మీది బురుజులు చూస్తే గుత్తి, పెనుకొండ చూసినవారికి కొత్తగా అనిపించదు. అదే నేల, అదే రాయి. ఆ యుద్ధం తరువాతి సంధిలో కడప నిజాం చేతికి వెళ్లింది. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలి టిప్పు చనిపోయాక గుత్తి, గుర్రంకొండ కూడా నిజాంకే వెళ్లాయి. మరుసటి ఏడాదే, 1800లో, సైన్యం ఖర్చు కింద నిజాం వీటన్నిటినీ కంపెనీకి రాసి ఇచ్చేశాడు. అలా దత్త మండలాలమయ్యాం. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు చేతిలోనే ఉంది. అంచేత శ్రీరంగపట్నం ముట్టడి బొమ్మ కడపలోనో అనంతపురంలోనో గోడ మీద ఉంటే, అది ఎక్కడిదో పరాయి కథ అని నేననుకోను.

తళ్లికోట యుద్ధం అడిగేవారు చాలామంది. 1565 జనవరిలో జరిగిన ఆ యుద్ధానికి అహ్మద్‌నగర్ ఆస్థానంలో వేసిన సూక్ష్మచిత్రాలు ఉన్నాయి. అవి రంగుల బొమ్మలు కాబట్టి తెల్ల రేకు మీద వేయించుకోవాలి. తళ్లికోట పేరుతో ఇంటర్నెట్‌లో తిరిగే నలుపు తెలుపు బొమ్మలు కొన్ని వేరే దేశపు యుద్ధాలవి. ఒకదానిలో సైనికుల తలల మీద ఈకల టోపీలు ఉన్నాయి. పెద్దాయన ఒకరు దాన్ని రామరాయల సైన్యమని వాదించి మరీ కట్టించుకుపోయారు. డబ్బులు తీసుకున్నాను, పాపం ఆయనది.

మన దేశం సంగతి కాకుండా ఇంకేమి బాగుంటాయి?

నన్ను అడిగితే మూడు చెబుతాను.

ఒకటి, అలెగ్జాండర్, పురుషోత్తముల యుద్ధం. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కోసం ల బ్రన్ అనే చిత్రకారుడు వేసిన పెయింటింగులను 1670ల్లో జెరార్ ఓద్రాన్ చెక్కాడు. చాలా పెద్ద బొమ్మలు, ఒక్క రేకు చాలక ముక్కలుగా చెక్కి అచ్చులను అతికించారు. ఏనుగులు కూడా ఉంటాయి కాబట్టి మన ఇళ్లలో ఇట్టే కలిసిపోతుంది.

రెండు, చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ తన మధ్య ఆసియా విజయాలను చెక్కించిన 16 బొమ్మలు. ఆయన కొలువులో ఉన్న యూరప్ పాద్రీలు గీస్తే, వాటిని ఓడల్లో పారిస్ పంపి 1767 నుంచి 1774 దాకా రాగిరేకుల మీద చెక్కించారు. కొండలు, గుడారాలు, చీమల్లా వేలమంది మనుషులు. వెడల్పుగా ఉంటుంది, సోఫా పైన అతికినట్టు సరిపోతుంది.

మూడు, జాక్ కాలో. 1633లో అతడు యుద్ధం తెచ్చే కష్టాల మీద 18 ఎచింగులు వేశాడు. ఒక్కోటి జానెడు పొడవు కూడా ఉండదు. పెద్దది చేస్తే గ్రామాల దోపిడి, చెట్టుకు వేలాడే శవాలు స్పష్టంగా కనిపిస్తాయి. హాలుకు వద్దు, రాసుకునే గదికి తీసుకోండి. స్పెయిన్ చిత్రకారుడు గోయా చెక్కినవి ఇంకా భయంకరం, అతడు బతికి ఉండగా వాటిని ప్రచురించనేలేదు, 1863లో 80 బొమ్మలు అచ్చయ్యాయి. చిన్నపిల్లలున్న ఇంటికి నేను వాటిని కట్టి ఇవ్వను.

ఈ బొమ్మల్లో ఉన్నదంతా నిజంగా జరిగినదేనా?

నాకు ఇష్టమైన ప్రశ్న ఇదే, అడిగేవారే తక్కువ.

శ్రీరంగపట్నం కూలిందన్న కబురు లండన్ చేరగానే రాబర్ట్ కెర్ పోర్టర్ అనే కుర్రవాడు సుమారు 120 అడుగుల పొడవున ఆ ముట్టడిని గీసి, 1800లో టికెట్టు పెట్టి చూపించాడు. అప్పటికి అతడికి 23 ఏళ్లు. శ్రీరంగపట్నం కంటితో చూడనేలేదు. వచ్చిన సైనికులు చెప్పింది విని, ఉత్తరాలు చదివి గీశాడు. ఆ పెద్ద బొమ్మ ఇప్పుడు లేదు. దాని ఆధారంగా వెంద్రమీని అనే ఇటలీవాడు చెక్కిన అచ్చులే మిగిలాయి. హెన్రీ సింగిల్టన్ కూడా లండన్‌లో కూర్చునే టిప్పు ఆఖరి పోరు గీశాడు. డేవిడ్ విల్కీ అయితే టిప్పు శవాన్ని కోట మీద దాడి నడిపిన జనరల్ బేర్డ్ కనుగొన్న దృశ్యాన్ని బేర్డ్ భార్య కోరితే వేశాడు, అదీ 1839లో, సంఘటన జరిగిన నలభై ఏళ్లకు. భర్త పెద్దగా కనపడాలని ఆమె, కనపడేట్టు విల్కీ. వెలుగు ఎక్కడ పడుతోందో చూడండి, డబ్బు ఎవరిదో తెలిసిపోతుంది.

ఇది ఒక్క మన దేశం సంగతే కాదు. 1759లో కెనడాలోని క్వెబెక్ దగ్గర చనిపోయిన ఇంగ్లీషు జనరల్ వుల్ఫ్ బొమ్మను బెంజమిన్ వెస్ట్ వేస్తే, వూలెట్ 1776లో చెక్కాడు. ఇంగ్లండులో విరగబడి కొన్నారు. అందులో వుల్ఫ్ చుట్టూ నిలబడి కన్నీళ్లు పెట్టుకునేవారిలో చాలామంది ఆ సమయానికి అక్కడ లేనేలేరు.

అవతలి పక్షం చెప్పిన కథ కావాలంటే శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ తోటకు వెళ్లండి. 1780లో పొల్లిలూరు దగ్గర హైదర్, టిప్పులు కంపెనీ సైన్యాన్ని చిత్తు చేసిన యుద్ధం అక్కడ గోడ నిండా ఉంది. ఇంగ్లీషు దళం నడుమ చతురస్రంగా ముడుచుకొని ఉంటుంది, చుట్టూ గుర్రాలే గుర్రాలు. నా సలహా ఏమిటంటే, శ్రీరంగపట్నం పతనం ఎన్‌గ్రేవింగు కట్టించుకునేవారు పక్కనే పొల్లిలూరు బొమ్మ కూడా కట్టించండి. ఇంటికి వచ్చినవారు ఒకటి చూసి ఊరుకుంటారు, రెండు ఉంటే ప్రశ్న అడుగుతారు.

సైన్యంలో పనిచేసి వచ్చిన గుత్తి ఆయన ఒకరు, తోటి మాజీ సైనికుడికి కానుకగా ఇవ్వడానికి బొమ్మ ఎంచుకుంటూ ఈ ముట్టడి బొమ్మను చాలాసేపు చూశారు. "అన్నా, ఇంతమందిలో నీళ్లు మోసేవాడు ఒక్కడూ లేడే" అన్నారు. అప్పటిదాకా నేనది గమనించలేదు. "మా గుత్తి కోట హైదరుకు లొంగింది నీళ్లు లేకనే కదా" అని కూడా అన్నారు. నిజమే, 1776లో గుత్తిని ఏలిన మురారిరావు కోట దిగింది కొండ మీద నీళ్లు అయిపోయాకే. ఆయన చివరికి యుద్ధం లేని బొమ్మ, ఒట్టి కొండకోట ఒకటి తీసుకెళ్లారు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి బొమ్మ ఎన్‌గ్రేవింగులో దొరుకుతుందా?

ఇప్పుడు చలామణిలో ఉన్న బొమ్మలన్నీ ఈ కాలపు చిత్రకారుల ఊహలు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీసి, తలను ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడదీసిన ప్రభుత్వం, ఆయన రూపాన్ని రాగిరేకు మీద చెక్కించి అమ్ముతుందా? ఊహాచిత్రమైనా సరే అనుకుంటే, దాన్ని గీసిన చిత్రకారుడి అనుమతి తీసుకొని రండి, వేసి ఇస్తాను. పాత ఎన్‌గ్రేవింగులా కనిపించేలా ఫిల్టరు కొట్టి ఇవ్వమంటే ఇవ్వను.

మనకంటూ చెక్కిన యుద్ధాలు కావాలంటే కాగితం వదిలి రాయి దగ్గరికి వెళ్లాలి. మన ఊళ్ల పొలిమేరల్లో, చెరువు కట్టల మీద, గుళ్ల వెనక వీరగల్లులు నిలబడి ఉన్నాయి. యుద్ధంలోనో, ఊరి పశువులను తోలుకుపోయే దొంగలను అడ్డుకుంటూనో చనిపోయినవారికి నిలిపిన రాళ్లు. చాలావాటిలో కింది అరలో పోరు, మధ్య అరలో వీరుణ్ని అప్సరసలు తీసుకెళ్లడం, పై అరలో శివుడి సన్నిధి ఉంటాయి. ఉదయం ఏడు గంటల ఎండ పక్క నుంచి పడే వేళ ఫోటో తీయండి. నీడలు గాడుల్లో నిలిచి ప్రతి గీతా లేచి వస్తుంది. మధ్యాహ్నం తీస్తే చదునైన బండ తప్ప ఏమీ కనపడదు. ఫోటో బాగా రావాలని రాయి మీద నూనె పూయడం, సుద్దతో గీతలు దిద్దడం చేయకండి. వెండి రేకు మీద అలాంటి వీరగల్లు ఒకటి వేసి దుకాణంలో పెట్టుకున్నాను, అమ్మను.

ఇంట్లో యుద్ధం బొమ్మ పెట్టకూడదంటారు కదా?

అంటారు. మహాభారత యుద్ధం బొమ్మ ఇంట్లో ఉంటే గొడవలని మా అమ్మ కూడా అనేది. అదే ఇంట్లో గీతోపదేశం పటం ఉండేది. రెండు సైన్యాలు, శంఖాలు, రథం, విల్లు జారవిడిచిన అర్జునుడు. అది జరిగింది యుద్ధభూమిలోనే కదా అంటే అమ్మ కసురుకునేది.

నమ్మకం మీది, ఇల్లు మీది. నేను వాస్తు చెప్పను. పూజగది గోడకు, పడకగదికి మాత్రం వద్దంటాను. నిద్ర లేవగానే కంటి ముందు కోసిన తల ఉండనవసరం లేదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇష్టం లేకపోతే తేకండి. బొమ్మ వల్ల వచ్చే గొడవ కంటే బొమ్మ తెచ్చినందుకు వచ్చే గొడవ ముందు మొదలవుతుంది.

బొమ్మను వాట్సాప్‌లో పంపితే చాలదా?

చాలదు. మిగతావన్నీ మరచిపోయినా ఇది గుర్తుంచుకోండి.

24×36 అంగుళాల రేకు మీద ఎన్‌గ్రేవింగు పదునుగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. అంటే ఫైలు 7,200×10,800 చుక్కలుండాలి. మీరు పంపిన ఫైలు పొడవు 1,600 చుక్కలైతే 36 అంగుళాల మీద అంగుళానికి 44 చుక్కలే వస్తాయి. మామూలు ఫోటో అయితే మసకగా ఉంటుంది, అంతే. ఎన్‌గ్రేవింగులో గీతలు ఒకదాన్నొకటి మింగేసి ఆకాశమంతా అలలు అలలుగా చారలు పడతాయి. ఇది గుర్తుపట్టడం తేలిక, తెర మీద పెద్దది చేసి ఒక సైనికుడి ముఖం చూడండి. కన్ను, కనుబొమ విడివిడిగా గీతలుగా కనిపిస్తే పనికొస్తుంది. మసి మరకలా ఉంటే సైజు తగ్గించుకోండి. కంప్యూటర్‌తో పెద్దవి చేసే సాఫ్ట్‌వేర్లు గీతలను పదును పెట్టినట్టే పెట్టి, లేని గీతలు కల్పిస్తాయి. ఒకసారి ఒక గుర్రానికి ఐదో కాలు వచ్చింది.

కాపీరైటు సమస్య వస్తుందా?

మన 1957 కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు చనిపోయాక 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. పద్దెనిమిదో శతాబ్దపు చెక్కుడుబొమ్మలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. ఫైలు ఎక్కడి నుంచి తెచ్చారన్నది వేరే సంగతి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం అంతకు ముందు నుంచే పాత బొమ్మల పెద్ద ఫైళ్లను ఎవరైనా దేనికైనా వాడుకోమని ఇస్తున్నాయి. బ్రిటిష్ మ్యూజియం తన ఫైళ్లను వ్యాపారానికి వాడవద్దంటుంది. మీ ఇంటికి ఒకటి వేయించుకోవడం వేరు, పది వేయించి అమ్మడం వేరు.

మన ఎండలకు రంగు వెలిసిపోదా? రేకు వంగదా?

నేరుగా ఎండ పడితే ఏ అచ్చయినా వెలుస్తుంది. పడమటి కిటికీకి ఎదురుగోడ మీద పెట్టకండి, మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా మన ఎండ దేన్నీ వదలదు. నలుపు ఒక్కటే ఉన్న బొమ్మలో వెలిసినప్పుడు నలుపు కాస్తా గోధుమ, ఊదా రంగులకు తిరుగుతుంది.

వంగడం గురించి భయం అక్కరలేదు. 36 అంగుళాల అల్యూమినియం రేకు 15 డిగ్రీల చలి నుంచి 45 డిగ్రీల వేడికి పోతే పెరిగేది అర మిల్లీమీటరుకు కొంచెం పైన. అయితే నాలుగు మూలలా రంధ్రాలు వేసి స్క్రూలు బిగించేస్తే ఆ అర మిల్లీమీటరుకు పోయే దారి ఉండదు, నడుమ ఉబ్బుతుంది. వెనక చెక్క చట్రం అతికించి, దాన్ని కొక్కేలకు తగిలించండి.

బరువెంత? మా ఇంటి గోడ మోస్తుందా?

24×36 అంగుళాల రేకు సుమారు 1.7 కిలోలు. అదే సైజు 3 మిల్లీమీటర్ల గాజు ఒక్కటే 4 కిలోలు దాటుతుంది, ఫ్రేము వేరే. ఇటుక గోడకు ప్లాస్టిక్ ప్లగ్గులు, రెండు స్క్రూలు చాలు.

పాత ఇళ్లలో బండలతో కట్టిన గోడలుంటాయి. వాటికి రాయి మధ్యలో రంధ్రం వేయకండి, చిట్లుతుంది. రెండు రాళ్ల మధ్య సందు చూసి వేయించండి. మట్టి మిద్దె అయితే గోడకు మేకు కొట్టే బదులు పైన దూలం నుంచి సన్నని తీగతో వేలాడదీయడం నయం. ఎవరు వేసినా సరే, మట్టం చూడకుండా వేయనివ్వకండి. యుద్ధాల బొమ్మల్లో దిగంతం గీత ఉంటుంది, వేలెడు వాలినా సైన్యమంతా పక్కకు జారుతున్నట్టు ఉంటుంది.

చౌడు పట్టి సున్నం పెచ్చులూడే గోడ అయితే ముందు గోడ బాగు చేయించండి. తడి సున్నం, తడి సిమెంటు అల్యూమినియాన్ని తినేస్తాయి. బాగున్న గోడకైనా రేకుకూ గోడకూ మధ్య అర అంగుళం ఎడం ఉంచాలి.

గాజు పటం కంటే ఇది ఎందుకు మేలు?

అన్నిసార్లూ మేలు కాదు. చిన్న బొమ్మ, మంచి కాగితం, చుట్టూ తెల్ల మౌంటు, గాజు, దాని అందం దానిదే. నేను లోహం వైపు తిరిగింది మాత్రం 2009 అక్టోబరు వరద తరువాత. తుంగభద్ర నీళ్లు దుకాణంలోకి వచ్చిపోయాక పటాలు విప్పి చూస్తే, ప్రతి గాజు వెనక ఒకే ఎత్తులో బురద గీత. అట్టలు ఉబ్బి, ఫోటోలు గాజుకు అంటుకుపోయాయి. లాగితే ముఖాలు గాజు మీదే ఉండిపోయాయి. పోయినవారి ఫోటోలు, మళ్లీ తీయలేనివి. రేకు అయితే కడిగి ఆరబెట్టేవాణ్ని, వెనక చెక్క మార్చేవాణ్ని.

ఎలా శుభ్రం చేయాలి?

మెత్తని పొడి గుడ్డతో దుమ్ము దులపండి. మరక ఉంటే తాగే నీళ్లతో తడిపి పిండిన గుడ్డ వాడండి. బోరునీళ్లు వద్దు, ఆరాక తెల్లని చారికలు పడతాయి. గిన్నెలు తోమే పీచు తగలనివ్వకండి.

ఎంత ఎత్తులో పెట్టాలి?

బొమ్మ నడిమి భాగం నేల నుంచి ఐదడుగులకు కాస్త తక్కువలో ఉండాలి. మనవాళ్లు దేవుడి పటం అలవాటుతో తలుపు పైన కడతారు. దేవుణ్ని తలెత్తి చూస్తాం, బాగుంటుంది. ఎన్‌గ్రేవింగును ముక్కు ఆనించి చూడాలి. సోఫా పైన అయితే వీపు ఆనే అంచుకు ఎనిమిది, పది అంగుళాల పైన.

నలుపు తెలుపు బొమ్మకు రంగులు వేయించవచ్చా?

ఆ కాలంలోనూ చేత్తో రంగులు పూసి ఎక్కువ ధరకు అమ్మేవారు. అలా పూసిన అసలు ప్రతి ఫైలు దొరికితే తీసుకోండి. కంప్యూటర్‌లో కొత్తగా రంగులు పూయమంటే చేయగలను, చేయాలనిపించదు. గోధుమరంగు తిప్పమని కూడా అడుగుతారు, పాతదిలా కనిపిస్తుందట. వెండి రేకు మీద గోధుమరంగు తుప్పులా ఉంటుంది.

మా తాతగారి కాలం నాటి అసలు అచ్చు ఇంట్లో ఉంది. దాన్నే రేకుకు అతికించగలరా?

అతికించను, ఎవరితోనూ అతికించనివ్వకండి. స్కాన్ చేయించి ఆ ఫైలును రేకు మీద వేయించుకోండి. అసలుదాన్ని ఆమ్లం లేని కాగితంలో పెట్టి, చుట్టకుండా, చదునుగా దాచండి. అంచుల చుట్టూ నొక్కుకుపోయిన గీత కనిపిస్తుంది చూడండి, అది రాగిరేకు అంచు పడ్డ గుర్తు. అందంగా లేదని దాన్ని కత్తిరించకండి.

నిమ్మలకుంట తోలుబొమ్మలను ఇలా ముద్రించవచ్చా? రావణుడి యుద్ధం కావాలి.

వద్దు. తోలుబొమ్మ బతికేది వెనక నుంచి వచ్చే వెలుతురులో. రేకు మీద వేస్తే రంగు ఉంటుంది, వెలుగు ఉండదు. నిమ్మలకుంట వెళ్లి కళాకారుల దగ్గరే అసలు బొమ్మ కొనండి, దానికి వెనక దీపం పెట్టే పెట్టె నేను చేసి ఇస్తాను.

ఆదోని, అనంతపురం, కడపలకు పంపుతారా?

బస్సు పార్సిలులో పంపుతాను. రేకుకు రెండు వైపులా థర్మాకోల్, మూలలకు అట్ట తొడుగులు వేస్తాను. మీరు చేయవలసిందల్లా పార్సిలు కౌంటరులోనే విప్పి మూలలు చూసుకోవడం. ఒక మూల వంగితే సరిచేయడం నా వల్ల కాదు, మళ్లీ వేయాల్సిందే.